తొలి సోలో ఫ్లైట్‌కు సిద్ధం కావడం ఎలా: బల్లార్షా, సిరొంచా, గోందియా వైపు విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

తొలి సోలో అంటే సాధారణంగా ఒకే ఒక సర్క్యూట్: ఒక టేకాఫ్, రన్‌వే పక్కగా ఒక చుట్టు, ఒక ల్యాండింగ్. గాలిలో ఉండేది పది నిమిషాల లోపే. ఆ కొద్ది నిమిషాలలో విద్యార్థి చేసే పనులన్నీ అంతకు ముందు ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని ఉండగా ఎన్నోసార్లు చేసినవే. కొత్తగా వచ్చి చేరేది ఒక్కటే. ల్యాండింగ్ కుదరదనిపించినప్పుడు ఆ మాట చెప్పే మనిషి పక్కన ఉండడు, దానిని తానే గుర్తించి తానే థ్రాటిల్ (ఇంజన్ శక్తిని పెంచే మీట) నెట్టవలసి ఉంటుంది. అందుచేత సోలోకు సిద్ధపడటమంటే ప్రధానంగా మానుకోవడం నేర్చుకోవడమని నా అభిప్రాయం. బయలుదేరకుండా ఆగడం, దిగకుండా మళ్లీ పైకి లేవడం అనే రెండు నిర్ణయాలను ఎవరూ చెప్పకుండానే తీసుకోగలిగిన విద్యార్థికి మిగిలిన పని పెద్ద కష్టం కాదు.

బల్లార్షా పేపరు మిల్లు, బొగ్గు గనులు, రైల్వే కాలనీల తెలుగు కుటుంబాల నుంచి, రాజురా, సిరొంచా, అహేరి వైపు ఊళ్ల నుంచి పైలట్ కావాలనుకునే పిల్లలను దృష్టిలో ఉంచుకుని ఇది రాస్తున్నాను. వీరికి దగ్గరలో గోందియా పక్కన బిర్సీ విమానాశ్రయం ఉంది. బల్లార్షా నుంచి నాగభీడ్, వడసా మీదుగా నేరుగా రైలు మార్గం ఉండడం వల్ల ఇంటికి రాకపోకలు సులభమే. అక్కడ జాతీయ స్థాయి ఫ్లయింగ్ శిక్షణ సంస్థ ఉంది. ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ కూడా తన శిక్షణలో కొంత భాగాన్ని ఇక్కడ నడిపింది. మీరు మరెక్కడ చేరినా ఇక్కడి పద్ధతులలో చాలా వరకు పనికివస్తాయి. అయితే వేగాలు, పరిమితుల విషయంలో మీ విమానపు హ్యాండ్‌బుక్, మీ స్కూలు నియమాలే అంతిమం.

మొదటి మెట్టు: కాగితాలు, వైద్య పరీక్ష

సోలోకు వెళ్లే నాటికి చేతిలో స్టూడెంట్ పైలట్ లైసెన్సు, చెల్లుబాటులో ఉన్న మెడికల్ సర్టిఫికెట్ ఉండాలి. స్టూడెంట్ లైసెన్సుకు కనీస వయసు 16 ఏళ్లు, చదువు పదో తరగతి, వైద్య పరీక్ష క్లాస్ 2. రేడియో టెలిఫోనీ లైసెన్సు సంగతి కూడా స్కూలు ఆఫీసులో మొదటి నెలలోనే తేల్చుకోండి. ఫ్లయింగ్‌లో అన్నీ వచ్చి, ఒక్క కాగితం రానందుకు నేల మీద కూర్చోవలసి వస్తే ఆ విరామంలో చేతి అలవాటు పోతుంది, మళ్లీ డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఎగిరే) గంటలకు డబ్బు కట్టవలసి వస్తుంది.

మన ప్రాంతపు పిల్లలకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేరుతో వస్తుంది. మహారాష్ట్ర స్కూలు సర్టిఫికెట్‌లో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు వరుసగా ఉంటాయి. తెలంగాణలో తీసిన జనన ధ్రువపత్రంలోనో ఆధార్‌లోనో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా ముందుంటుంది, తండ్రి పేరే ఉండదు. పైలట్ లైసెన్సులు ఇచ్చే కేంద్ర సంస్థ డీజీసీఏ దగ్గర కంప్యూటర్ నంబరుకు (పరీక్షలకు కావలసిన గుర్తింపు సంఖ్యకు) దరఖాస్తు చేసే ముందే పదో తరగతి మార్కుల పత్రంలో ఉన్నట్టుగా మిగిలినవన్నీ సరిచేయించుకుంటే తరువాత తిరగవలసిన పని తప్పుతుంది. విమానాశ్రయం లోపలికి వెళ్లే పాసుకు నేపథ్య విచారణ ఉంటుంది కనుక, శాశ్వత చిరునామా ఒక రాష్ట్రంలో, నివాసం మరొక రాష్ట్రంలో ఉన్నవారు దానికి కూడా సమయం పెట్టుకోవాలి.

వైద్య పరీక్ష విషయంలో నా సలహా కొంచెం కఠినంగా అనిపించవచ్చు. కమర్షియల్ లైసెన్సే మీ లక్ష్యమైతే, దానికి కావలసిన క్లాస్ 1 పరీక్షను లక్షల రూపాయల ఫీజు కట్టకముందే చేయించుకోండి. విదర్భలో, అందులోనూ గడ్చిరోలి, చంద్రపూర్, గోందియా జిల్లాలలో సికిల్‌సెల్ సమస్య ఎక్కువ. కుటుంబంలో ఎవరికైనా ఉంటే ముందుగా రక్త పరీక్ష చేయించుకుని, ఆ సంగతిని డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరుకు దాచకుండా చెప్పాలి. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన ఎవరూ అనర్హులు కారు, అయితే అద్దాలు వాడేవారు ఎగిరేటప్పుడు అదనంగా మరొక జత దగ్గర ఉంచుకోవాలి.

రెండో మెట్టు: డ్యూయల్‌లో పక్కాగా రావలసినవి

ఎన్ని గంటలకు సోలో అవుతుందని అడగని విద్యార్థి లేడు, అడగని బంధువు అంతకన్నా లేడు. చాలామందికి 15 నుంచి 25 గంటల మధ్య అవుతుంది. ఎక్కువ గంటలు పట్టినవారు తక్కువ పైలట్లు కారు. గాలి లేని డిసెంబరు ఉదయాలలో నేర్చుకున్నవాడికీ, ఏప్రిల్ ఎండలో ఎగుడుదిగుడు గాలిలో నేర్చుకున్నవాడికీ లెక్క ఒకటిగా ఉండదు. బ్యాచ్‌లో ఎవరికి ముందయిందన్న పోటీని వీలైనంత త్వరగా మనసులో నుంచి తీసేయాలి.

నేరుగా, సమంగా ఎగరడం, ఎక్కడం, దిగడం, మలుపులు ఇవన్నీ ఎలాగూ వస్తాయి. అసలు చూడవలసినవి స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి), గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం), ఇంజన్ ఆగినప్పటి అభ్యాసాలు. స్టాల్‌ను ఒక విన్యాసంలా బట్టీ పట్టకుండా, అది వచ్చే ముందు యోక్ (విమానాన్ని నడిపే చక్రం) ఎలా వదులవుతుందో, గాలి చప్పుడు ఎలా తగ్గుతుందో, హెచ్చరిక హారన్ ఎప్పుడు మొదలవుతుందో ఒంటికి తెలిసేదాకా చేయాలి. రెక్క వాల్చే కొద్దీ స్టాల్ వేగం పెరుగుతుంది: సమ ఎత్తులో 30 డిగ్రీల మలుపులో సుమారు 7 శాతం, 45 డిగ్రీలలో 19 శాతం, 60 డిగ్రీలలో 41 శాతం. బేస్ (రన్‌వేకు అడ్డంగా వచ్చే పక్క) నుంచి ఫైనల్‌కు (రన్‌వేకు నేరుగా దిగే చివరి పక్కకు) తిరిగేటప్పుడు రన్‌వేకు నేరుగా ఉండే గీతను దాటిపోయామనే కంగారులో విద్యార్థి రడ్డర్ పెడల్‌ను మలుపు లోపలి వైపు తొక్కి, రెక్కను మరింత వాల్చి, ముక్కు పైకి లాగుతాడు. తక్కువ ఎత్తులో స్పిన్‌లోకి (గిరగిరా తిరుగుతూ కిందికి రావడం) పడిపోవడానికి ఇదే దగ్గర దారి. కనుక సర్క్యూట్‌లో 30 డిగ్రీలకు మించి వాల్చకూడదని, గీత దాటితే గో-అరౌండ్ చేయాలని ముందే నిర్ణయించుకోవాలి.

గో-అరౌండ్‌ను ఇన్‌స్ట్రక్టర్ ‘చెయ్’ అన్నప్పుడు చేయడం ఒక ఎత్తు, మీ అంతట మీరు చేయడం మరొక ఎత్తు. సోలోకు ముందు చివరి కొన్ని సార్టీలలో (ఎగిరే పాఠాలలో) ఇన్‌స్ట్రక్టర్‌ను మాట్లాడకుండా కూర్చోమని అడగండి. ఆయన మౌనంగా ఉండగా కనీసం ఒక్కసారైనా మీ నిర్ణయంతో మీరు గో-అరౌండ్ చేసి ఉండాలి. నేనైతే అది జరగని విద్యార్థిని, ల్యాండింగ్‌లు ఎంత ముచ్చటగా ఉన్నా, సోలోకు పంపడానికి తొందరపడను.

అంతా కుదిరిందనుకున్నాక మీ ఇన్‌స్ట్రక్టర్ కాకుండా చీఫ్ ఇన్‌స్ట్రక్టరో డిప్యూటీయో మీతో ఎగిరి చెక్ ఇస్తారు. కొత్త మనిషి పక్కన ఉన్నప్పుడు చేతులు బిగుసుకుపోవడం సహజమే. ఆయన చూసేది మెత్తని ల్యాండింగ్ కోసం కాదు. వేగం తగ్గినప్పుడు మీరు పట్టించుకున్నారా, బౌన్స్ అయినప్పుడు (నేల తాకి మళ్లీ ఎగిరినప్పుడు) మీ చేయి ఎటు పోయింది అన్నవే ఆయనకు ముఖ్యం.

మూడో మెట్టు: కుర్చీలో సర్క్యూట్, నోటితో రేడియో

గది గోడకు కాక్‌పిట్ బొమ్మ అంటించి, ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కుడి చేతిలో థ్రాటిల్, ఎడమ చేతిలో యోక్ ఉన్నట్టుగా సర్క్యూట్ మొత్తాన్ని నిజంగా పట్టేంత సమయంలోనే నడపాలి. చేతులు కదలాలి, కళ్లు ఆయా మీటర్ల దగ్గరికి పోవాలి, నోరు చెప్పాలి. మనసులో చదువుకుంటే తొందరగా అయిపోతుంది, అందుకే దాని వల్ల లాభం తక్కువ. అమ్మకో తమ్ముడికో చెక్‌లిస్ట్ కాగితం ఇచ్చి మధ్యలో ‘ఇంజన్ ఆగింది’ అనమనండి. ఆ క్షణాన మీ ఎడమ చేయి ముందుకు కదలకపోతే గాలిలో కూడా కదలదు.

రేడియో విషయంలో మన పిల్లలకు ఒక అదనపు పని ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడి పెరిగినవారు అంకెలను తమకు అలవాటైన భాషలో విని, తరువాత ఇంగ్లిషులోకి మార్చుకుని బదులిస్తారు. ఆ అర క్షణం ఆలస్యం ఫైనల్‌లో ఖరీదైనది. మన విమానాల రిజిస్ట్రేషన్ వీటీ అక్షరాలతో మొదలవుతుంది, రేడియోలో అక్షరానికో మాట చొప్పున దానిని ‘విక్టర్ టాంగో’ అంటారు. రోడ్డు మీద కనిపించిన ప్రతి బండి నంబరును ఆ పద్ధతిలో పైకి చదవడం అలవాటు చేసుకుంటే కొద్ది వారాలలోనే నాలుక తిరుగుతుంది. టవర్ ఇచ్చిన రన్‌వే నంబరు, క్యూఎన్‌హెచ్ (ఎత్తు మీటరులో పెట్టవలసిన గాలి పీడనం), క్లియరెన్సు (అనుమతి) ఈ మూడింటినీ తప్పనిసరిగా తిరిగి చెప్పాలి. అర్థం కాకపోతే ‘సే అగైన్’ అనడానికి సిగ్గుపడకూడదు.

‘ఎక్స్‌టెండ్ డౌన్‌విండ్’ (రన్‌వేకు సమాంతరంగా ఉన్న పక్కలో ఇంకా ముందుకు పొమ్మనడం), ‘ఆర్బిట్’ (ఉన్నచోటే గుండ్రంగా ఒక చుట్టు తిరగమనడం), ‘గో అరౌండ్’ అనే మూడు ఆదేశాలను ప్రత్యేకంగా అభ్యాసం చేయండి. బిర్సీ రన్‌వే మీద ప్రయాణికుల విమానాలు కూడా దిగాయి. పెద్ద విమానం వస్తున్నప్పుడు చిన్నవాటిని పక్కన తిప్పడం టవర్‌కు మామూలు పని, తొలి సోలోలో ఉన్న విద్యార్థికి మాత్రం గుండె ఝల్లుమంటుంది. అటువంటి విమానం వెనుక దిగవలసి వస్తే దాని దారికి పైగా ఉండి, అది నేల తాకిన చోటు దాటాక దిగాలి.

నాలుగో మెట్టు: మన ప్రాంతపు గాలి, ఎండ, పొగ

పుస్తకాలలోని వాతావరణ పాఠం ఎక్కడైనా ఒకటే కానీ విదర్భ ఆకాశానికి కొన్ని సొంత లక్షణాలు ఉన్నాయి. శీతకాలం ఉదయాలు సోలోకు అన్నిటికన్నా అనుకూలం. అయితే నదుల వెంట, చెరువుల మీద పొగమంచు లేచి, సూర్యుడు వచ్చాక కూడా కొంతసేపు ఉంటుంది. గోందియా చెరువుల జిల్లా. పైనుంచి చూస్తే చెరువులన్నీ ఒకేలా కనిపిస్తాయి కనుక, బేస్ తిరగడానికి గుర్తుగా ఒక చెరువును పెట్టుకుంటే దాని పక్కన రోడ్డో రైలు పట్టాలో కూడా గుర్తుంచుకోవాలి. ఆ చెరువులు, వరి పొలాలు పక్షులకు నిలయాలు. ఈ జిల్లాలో సారస కొంగలు సైతం ఉన్నాయి. ఉదయం, సాయంత్రం పక్షుల రాకపోకలు ఎటు నుంచి ఎటు సాగుతాయో టవర్ వారిని, పాత విద్యార్థులను అడిగి తెలుసుకోవాలి.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు ఏరుకునేవారు చెట్ల కింది ఎండుటాకులను తగలబెడతారు. ఆ పొగ, బొగ్గు గనుల ధూళి, థర్మల్ కేంద్రాల పొగ కలిసి ఉదయం పూట నేలకు దగ్గరగా ఒక పొరలా నిలుస్తాయి. కింద నుంచి నిలువుగా చూస్తే ఆకాశం నీలంగానే ఉంటుంది, వెయ్యి అడుగులకు లేచి సూర్యుడి వైపు తిరిగితే రన్‌వే కనబడదు. విజువల్ నియమాల కింద ఎగరడానికి ఈ ఎత్తులలో కనీసం 5 కిలోమీటర్ల చూపు కావాలి. తొలి సోలోకు స్కూళ్లు అంతకంటే ఎక్కువ అడుగుతాయి. అడగాలి కూడా.

ఎండాకాలం సంగతి కొంత లెక్కతో చూడాలి. సముద్రమట్టానికి 1000 అడుగుల ఎత్తున్న రన్‌వే మీద ఉష్ణోగ్రత 42 డిగ్రీలు, పీడనం ప్రామాణిక స్థాయిలోనే ఉందనుకుందాం. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 13 డిగ్రీలు. తేడా 29. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3480 అడుగులు కలిపితే, విమానానికి ఆ రన్‌వే దాదాపు 4500 అడుగుల కొండ మీద ఉన్నట్టు లెక్క. వేసవిలో పీడనం కూడా తక్కువగా ఉంటుంది కనుక అసలు లెక్క ఇంకా పెరుగుతుంది. పరుగు పెరుగుతుంది, ఎక్కే వేగం తగ్గుతుంది, మీటరు మీద వేగం మామూలుగానే ఉన్నా నేల మాత్రం గబగబా వెనక్కు పోతున్నట్టు కనిపిస్తుంది. ఆ భ్రమకు లోబడి వేగం తగ్గించకూడదు. ఉదయం పది దాటాక నేల నుంచి లేచే వేడిగాలి ఫైనల్‌లో విమానాన్ని ఎత్తి కుదేస్తుంది కాబట్టి చంద్రపూర్, గోందియా వేసవిలో సోలో అంటే పొద్దు పొడిచిన వెంటనే అని అర్థం చేసుకోవాలి.

పక్కగాలిని అంచనా కట్టడానికి ఒక చిన్న లెక్క చాలు. గాలి, రన్‌వే మధ్య కోణం 30 డిగ్రీలైతే గాలి వేగంలో సగం, 45 అయితే పదింట ఏడు వంతులు, 60 దాటితే దాదాపు మొత్తం పక్కగాలే. శిక్షణకు వాడే చిన్న విమానం సెస్నా 172కు హ్యాండ్‌బుక్‌లో 15 నాట్ల పక్కగాలి వరకు నిరూపించినట్టు ఉంటుంది. తొలి సోలోకు స్కూలు పెట్టే పరిమితి దానికి చాలా తక్కువ, దానినే పాటించాలి.

ఇంట్లో పెద్దవాళ్లు సోలోకు మంచి రోజు చూడమంటారు. వారి మాట కాదనకుండా, తిథి ఏదైనా ముహూర్తం నిర్ణయించేది గాలి దిశ చూపే విండ్‌సాక్ అని నెమ్మదిగా చెప్పి ఊరుకోవడం మంచిది.

ఐదో మెట్టు: ముందు రాత్రి, ఆ ఉదయం

నిద్ర, నీళ్లు, తిండి ఈ మూడూ చెప్పనవసరం లేనివిగా కనిపిస్తాయి కానీ ఎక్కువగా తప్పేది ఇక్కడే. శనివారమో ఏకాదశో ఉపవాసం ఉన్న రోజున సోలోకు పోవద్దు. ఖాళీ కడుపుతో, ఎండలో, భయంతో కలిసి చక్కెర తగ్గితే చేతులు వణకడం మొదలవుతుంది. ఎగరడానికి 12 గంటల ముందు నుంచి మద్యం నిషేధం. శ్వాస పరీక్ష విద్యార్థులకూ ఉంటుంది. మద్యం ముట్టనివారు కూడా దగ్గు సిరప్, హోమియో చుక్కలు, మౌత్‌వాష్ విషయంలో జాగ్రత్త పడాలి, వాటిలో ఆల్కహాల్ ఉండవచ్చు.

విమానం తనిఖీని సోలో రోజున మరింత నెమ్మదిగా చేయాలి. వానల తరువాత కందిరీగలు వేగం కొలిచే పిటాట్ గొట్టంలో మట్టితో గూడు కడతాయి. అది మూసుకుపోతే టేకాఫ్ పరుగులో వేగం మీటరు కదలదు. పరుగు మొదట్లోనే ‘ఎయిర్‌స్పీడ్ అలైవ్’ అని పైకి చెప్పుకునే అలవాటు ఇందుకే. మీటరు కదలకపోతే రన్‌వే మీదే ఆగిపోవాలి. ట్యాంకుల అడుగు నుంచి తీసిన ఇంధనాన్ని గాజు గొట్టంలో వెలుతురుకు ఎత్తి చూడాలి. ఏవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోలు) లేత నీలంగా ఉంటుంది, నీరు చేరితే అడుగున రంగు లేని బుడగలా విడిగా నిలుస్తుంది. గొట్టం మొత్తం రంగు లేకుండా ఉంటే అంతా నీరే అయి ఉండవచ్చు, ఆ పొరపాటు పడకూడదు. మీ స్కూలు విమానం డీజిల్ ఇంజనుది అయితే అందులో పోసేది జెట్ ఏ-1, దాని రంగు, వాసన వేరు. ఆయిల్ సెస్నా 172ఎస్‌లో 5 క్వార్ట్‌లకు తక్కువ ఉంటే ఎగరకూడదు. రన్-అప్‌లో (టేకాఫ్‌కు ముందు ఇంజన్ పరీక్షలో) 1800 ఆర్‌పీఎం దగ్గర ఏ మాగ్నెటో (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే పరికరం) మీదైనా 150కు మించి పడకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. ఒక్క అంకె తేడాగా ఉన్నా వెనక్కి తీసుకురండి. ఆ రోజు విమానాన్ని వెనక్కి తెచ్చినందుకు ఏ మంచి ఇన్‌స్ట్రక్టరూ కోప్పడడు.

ఆరో మెట్టు: పక్క సీటు ఖాళీ అయినప్పుడు

చాలా స్కూళ్లలో జరిగేది ఇది. రెండు మూడు సర్క్యూట్లు డ్యూయల్‌గా చేశాక ఇన్‌స్ట్రక్టర్ అప్రాన్‌కు (విమానాలు నిలిపే చోటుకు) తీసుకుపొమ్మంటారు, టవర్‌కు తొలి సోలో అని చెబుతారు, హెడ్‌సెట్ తీసి దిగిపోతారు. ఆయన దిగిన తరువాత విద్యార్థి తలలో ఒక హోరు ఉంటుంది, అందుకే చేయవలసినవి ముందే వరుసగా మనసులో ఉండాలి. ఖాళీ సీటు బెల్టును బిగించి కట్టాలి, లేకపోతే అది జారి కుడి వైపు యోక్‌కు అడ్డుపడవచ్చు, లేదా తలుపు సందులో ఇరుక్కుని బయట విమానం ఒంటికి టపటపా కొట్టుకుంటుంది. ఆ చప్పుడు విని ఇంజన్ పోయిందనుకునే ప్రమాదం ఉంది. ఆయన హెడ్‌సెట్ తీగ, మోకాలి ప్యాడ్, నీళ్ల సీసా ఏదీ అటు వదలకూడదు. కుడి తలుపును మీ చేత్తో నెట్టి చూడాలి. గాలిలో తలుపు తెరుచుకున్నా విమానం ఎగురుతుంది, పెద్ద శబ్దం మాత్రం వస్తుంది. దానిని మూయడానికి వంగకుండా మామూలుగా సర్క్యూట్ పూర్తి చేసి దిగాలి. మీ సీటు పట్టాలో గట్టిగా లాక్ అయిందో లేదో కుదిపి చూడటం మరవద్దు. చివరగా చెక్‌లిస్ట్‌ను మొదటి నుంచి పైకి చదవాలి, వినేవారు లేకపోయినా.

బరువు తగ్గిన ప్రభావాన్ని ముందుగా లెక్కవేసుకోవాలి. 1050 కిలోల విమానం నుంచి 75 కిలోల మనిషి దిగిపోతే స్టాల్ వేగం దాదాపు 4 శాతం తగ్గుతుంది. విమానం ముందుగా నేల విడుస్తుంది, చురుగ్గా ఎక్కుతుంది. ఎప్పుడూ డౌన్‌విండ్‌లోకి తిరిగాక అందే 1000 అడుగుల ఎత్తు ఈసారి క్రాస్‌విండ్‌లోనే (దానికి ముందరి పక్కలోనే) వచ్చేస్తుంది. దానిని గమనించక పవర్ తగ్గించడం ఆలస్యం చేస్తే సర్క్యూట్ ఎత్తును దాటిపోయి, అక్కడి నుంచి అన్నీ తడబడతాయి.

ఏడో మెట్టు: చుట్టు, ఫైనల్, నేల

ఇక్కడి అంకెలు సెస్నా 172ఎస్‌వి. 55 నాట్ల దగ్గర ముక్కు లేపి, 74 దగ్గర ఎక్కాలి. డౌన్‌విండ్‌లో రన్‌వే రెక్క కింది ఊతకమ్మీ మీద ఎక్కడ కోసుకుంటుందో చూసుకుని దూరం సరిపెట్టుకోవాలి. చెక్‌లు పూర్తయ్యాక, రన్‌వే మొదలు భుజం వెనుక 45 డిగ్రీలకు చేరినప్పుడు బేస్ తిరగాలి. తేలికైన విమానం దిగడానికి బద్ధకిస్తుంది కనుక అలవాటైన పవర్ కంటే కొంచెం తక్కువ పెట్టవలసి రావచ్చు.

ఫైనల్‌లో చూడవలసినవి రెండే: విండ్‌స్క్రీన్‌లో దిగదలచిన చోటు పైకి గాని కిందికి గాని కదలకుండా ఉందా, వేగం 65 దగ్గర నిలిచిందా. భయంతో ‘కాస్త ఎక్కువే ఉండనీ’ అని 72తో వచ్చే విద్యార్థి తనకు తాను ఎక్కువ పని పెట్టుకుంటాడు. వేగం 10 శాతం పెరిగితే దిగే దూరం సుమారు 21 శాతం పెరుగుతుంది. తేలిక విమానం నేలకు అడుగు ఎత్తున గాలి దిండు మీద తేలుతూ పోతుంది, ఆ తేలింపును భరించలేక యోక్‌ను ముందుకు నెట్టినప్పుడే ముందు చక్రం మీద పడి ఎగిరెగిరి పడటం మొదలవుతుంది.

ఫ్లేర్‌లో (నేల తాకే ముందు ముక్కు లేపేటప్పుడు) చూపును రన్‌వే చివరకు పంపాలి. దగ్గరి తారును చూస్తే అది పరుగెత్తుతున్నట్టు కనిపించి చేయి తొందరపడుతుంది. వెడల్పైన రన్‌వే మీద మనం ఉన్నదానికంటే కిందికి వచ్చేశామనిపించి పైనే ముక్కు లేపేస్తాం, సన్నని ఎయిర్‌స్ట్రిప్ మీద దీనికి విరుద్ధం. పొడవైన వెడల్పు రన్‌వే మీద నేర్చుకున్నవారు మరో చోట సోలో చేయవలసి వస్తే ఆ రన్‌వే మీద డ్యూయల్ చేశాకే ఒప్పుకోవాలి.

ఈ కింది వాటిలో ఏది జరిగినా ఆలోచించకుండా గో-అరౌండ్ చేయాలి: 300 అడుగులకు వచ్చేసరికి వేగం, గీత, పవర్ కుదరకపోవడం, బౌన్స్ అయి విమానం మళ్లీ గాలిలోకి లేవడం, రన్‌వే మొదటి మూడో వంతులో చక్రాలు తాకకపోవడం, రన్‌వే మీద కుక్కో పక్షుల గుంపో కనిపించడం. ఫుల్ థ్రాటిల్, ముక్కు అదుపు, ఫ్లాప్స్ (రెక్కల వెనుక పలకలు) 20 డిగ్రీలకు, వేగం పుంజుకున్నాక మిగిలినవి దశలవారీగా. ఫుల్ పవర్ ఇచ్చినప్పుడు దిగడానికి కుదిర్చిన ట్రిమ్ (యోక్ బరువును తగ్గించే సర్దుబాటు) ముక్కును బలంగా పైకి నెడుతుంది, ఇంజన్ బలం దానిని ఎడమకు లాగుతుంది. యోక్‌ను ముందుకు గట్టిగా పట్టి కుడి రడ్డర్ తొక్కాలి. టవర్‌కు చెప్పడం ఆ తరువాతి పని. తొలి సోలోలో రెండుసార్లు గో-అరౌండ్ చేసి మూడోసారి దిగిన విద్యార్థిని చూసి కింద ఉన్న ఇన్‌స్ట్రక్టర్ ఆందోళన చెందడు, నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంటాడు.

ఒకవేళ ఏదైనా జరిగితే

టేకాఫ్ తరువాత తక్కువ ఎత్తులో ఇంజన్ ఆగితే వెంటనే ముక్కు దించి వేగం నిలపాలి, ఎదురుగా ఇటూ అటూ 30 డిగ్రీల లోపు కనిపించిన చోట దిగాలి. వెనక్కి రన్‌వే వైపు తిరగకూడదు. గోందియా చుట్టూ ఎక్కువగా వరి మళ్లే. వానాకాలంలో అవి బురద, కోతల తరువాత గట్టినేల, కానీ గట్లు పైనుంచి సన్నని గీతలుగా మాత్రమే కనిపిస్తాయి. గట్లకు అడ్డంగా కాక వాటి వెంట దిగేలా చూసుకోవాలి. ఇరువైపులా ఏ మళ్లు పనికివస్తాయో డ్యూయల్ రోజులలోనే చూసి పెట్టుకోవడం మంచిది.

రేడియో పోతే ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు కోడ్ పంపే పరికరం) మీద 7600 పెట్టి, సర్క్యూట్‌లో కొనసాగుతూ టవర్ నుంచి వచ్చే దీపాన్ని చూడాలి. నిలకడైన పచ్చ అంటే దిగవచ్చు, నిలకడైన ఎరుపు అంటే ఇతరులకు దారి ఇచ్చి తిరుగుతూ ఉండాలి, మినుకుమినుకుమనే ఎరుపు అంటే విమానాశ్రయం సురక్షితం కాదు, దిగవద్దు. ముందుగా హెడ్‌సెట్ ప్లగ్, వాల్యూమ్ చూసుకోండి. చాలాసార్లు పోయింది రేడియో కాదు, ఊడింది ప్లగ్.

దిగిన తరువాత

రన్‌వే వదిలి, దాని బయట నేల మీది హద్దు గీత దాటి, ఆగి, అప్పుడే ఫ్లాప్స్ మీద చేయి వేయాలి. సంతోషంలో పరుగు మధ్యలో ఏదో ఒక మీట లాగేవారు ఉంటారు. ఇంజన్ ఆపి, మాగ్నెటో తాళం చెవి తీసేదాకా ఫ్లైట్ పూర్తి కాలేదు. ఆ తరువాత స్నేహితులు బకెట్ నీళ్లు పోస్తారు, కనుక ఫోను, లాగ్‌బుక్ ముందే ఎవరికైనా ఇచ్చి రండి.

లాగ్‌బుక్‌లో ఈ సమయం తొలిసారిగా పైలట్ ఇన్ కమాండ్ (విమానం బాధ్యత తనదైన పైలట్) గడిలోకి వెళుతుంది. కమర్షియల్ లైసెన్సుకు కావలసిన 200 గంటలలో ఆ గడిలో 100 గంటలు ఉండాలి. అదే రోజు ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని, ఎక్కడ ఎత్తు దాటింది, ఫైనల్‌లో వేగం ఎంత ఉంది, ఏ రేడియో మాట రెండోసారి అడగవలసి వచ్చింది అన్నవి రాసుకోండి. స్టూడెంట్ లైసెన్సు మీద ప్రయాణికులను ఎక్కించుకోవడానికి వీలులేదని ఇంట్లో వారికి కూడా చెప్పి ఉంచండి. రెండో, మూడో సోలోలకు ముందు కూడా స్కూలు డ్యూయల్ చెక్ పెడుతుంది. దానిని తప్పించుకోవాలని చూడకండి, ఎందుకంటే మొదటిసారి భయం వల్ల చదివిన చెక్‌లిస్ట్‌ను మూడోసారి ధీమాతో వదిలేసే విద్యార్థులే ఎక్కువ.